ఏడో బొమ్మ

నాకున్న భయం ఒక్కటే. మా బాబుకి పాలు చాలడం లేదేమోనని.

వాడికి ఐదు నెలలు. ఆ వయసులో పాలు తప్ప ఇంకేం తెలుస్తుంది?

బస్తర్ సంస్థానం వాళ్ళు కొంట నుంచి పైకి రోడ్డు వేయిస్తున్నారు. మా ఆయన ఆ పనిలో మేస్త్రీ. తాడు కట్టి రోడ్డు వెళ్ళే దారి చూపించడం, అడ్డొచ్చే చెట్లు కొట్టెయ్యడానికి కూలీల చేత సున్నం గుర్తు పెట్టించడం ఆయన పని. భద్రాచలం నుంచి వచ్చి కొంట దగ్గర అడవి అంచున తడికల ఇంట్లో దిగాం. ఆయన, నేను, మా అత్తగారు రామసుబ్బమ్మ, బాబు.

వానల్లో నాకూ బాబుకీ ఒకేసారి జ్వరం వచ్చింది. ఎన్నాళ్ళు పడుకున్నానో తెలియదు. తెలివి వచ్చేసరికి ఉయ్యాల విప్పేసి ఉంది. నా రొమ్ములకి అడవిమల్లెలు పెట్టి గుడ్డతో గట్టిగా కట్టారు. పాలు ఆగిపోవడానికి అలా కడతారు.

బాబేడని అడిగాను. అత్తగారు గోడ వైపు తిరిగారు. మా ఇంట్లో వడ్లు దంచే మనిషి, పేరు భీమే, తనే చెప్పింది. తను ఇక్కడి దోర్ల తెగ మనిషి, మన మాట వచ్చు.

"అడవిల ఒక తల్లి దగ్గర పెట్టినమమ్మా. ఆమెకు పాలు ఆగవు. నా పిల్లలు ఇద్దరు ఆమె దగ్గరనే ఉన్నరు."

తల్లి పాలు అందని పసివాళ్ళని ఆమె దగ్గరే పెట్టడం వీళ్ళ ఆచారమట. మా ఆయన అప్పుడు రోడ్డు పని మీద వేరే మకాంలో ఉన్నారు. బాబుని భీమే, అత్తగారు కలిసి తీసుకెళ్ళారు.

నేనూ వెళ్తానన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు.

"నిన్ను చూస్తే నీ వెంట పడతాడు. వాణ్ణి అక్కడే ఉండనియ్యి."

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. అన్నం పెడితే తిన్నాను. పెట్టకపోతే లేదు. ఎవరు పిలిచినా ఎక్కడో పక్క వీధిలో పిలిచినట్టుండేది.

నా చదువు మూడో తరగతిలో మాన్పించారు. అప్పటికి నాకు బాగా వచ్చింది బొమ్మలు వెయ్యడం. పంతులుగారు పలక మీద ఆకు గియ్యమంటే నేను చెట్టు గీసేదాన్ని. ఇప్పుడు అదే పనికొచ్చింది. అడవిలో నాకు దారి గుర్తుండదు. చెట్లన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని భీమే అడ్డాకులు కోయడానికి వెళ్తుంటే వెంట వెళ్ళాను. రోజుకి ఒక మలుపు. మలుపులో ఉన్న చెట్టుని బొమ్మ వేసుకునేదాన్ని. బెల్లం చుట్టొచ్చిన కాగితం, పొయ్యిలో బొగ్గు. ఇంటికొచ్చి రంగు వేసేదాన్ని. కాండానికి జాజు, ఆకులకి చిక్కుడాకు పసరు. మొదటిది తొర్ర ఉన్న మద్ది. రెండోది కొమ్మ విరిగిన ఏగిస. అలా.

"ఇంత మంచిగ గీస్తున్నవు, నా బొమ్మ గియ్యరాదమ్మా" అంది భీమే ఒకసారి.

"నువ్వు కదులుతావు" అన్నాను.

తను నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను.

ఏడో బొమ్మ ఇప్పచెట్టు. ఇద్దరు చేతులు చాపినా కౌగిలికి అందదు.

"ఆమె ఇక్కడనే" అంది భీమే.

అత్తగారి మాట గుర్తొచ్చింది. దగ్గరికి వెళ్ళకుండా పొద చాటున నిలబడి బొమ్మ వేశాను. ఎంతసేపున్నా ఏడుపు వినిపించలేదు.

"ఏడుస్తలేడంటే కడుపు నిండినట్టే గద" అంది భీమే.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్తే ఆ ఇప్పచెట్టు మీద సున్నం గుర్తు ఉంది. రోడ్డు సరిగ్గా అటే వస్తోంది. రోడ్డు వస్తే ఆమె ఇక ఇక్కడ ఉండదంది భీమే. మరి పిల్లలో అన్నాను. భీమే ఆకుల మోపు ఎత్తుకుంది.

మర్నాడు జాజూ బొగ్గుపొడీ నూనెలో కలిపి పట్టుకెళ్ళాను. అప్పుడు మాత్రం చెట్టు దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ కాగితం మీద వేసిన రంగు ఈసారి చెట్టుకే వేశాను. బెరడు పగుళ్ళు కూడా గీశాను. సున్నం ఎక్కడ ఉండేదో నాకే తెలియకుండా పోయింది. కింద చూడలేదు. తిరిగొచ్చేశాను.

రెండు రోజులకి మా ఆయన అన్నం ముందు కూర్చుని అడిగారు.

"ఆ పెద్ద ఇప్పచెట్టు మీద సున్నం పోయిందేం?"

"వానకి పోయుంటుంది."

"ఒక్క చెట్టు మీదే పడిందా వాన?"

నేను మజ్జిగ పోశాను. నా గోళ్ళలో జాజు ఉంది. ఆయన చూశారు. చాలాసేపు చూశారు. అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు ఆయనే తాడు ఊడదీసి పదడుగులు పక్కకి జరిపి కట్టారని భీమే చెప్పింది. కొంట దాటాక అడ్డం ఏమీ లేకపోయినా రోడ్డు ఒకచోట వంపు తిరుగుతుంది. అదే.

పని ముందుకి సాగింది. ఇప్పుడు మా మకాం తోంగ్‌పాల్‌లో. భీమేని రమ్మన్నాను. పిల్లలని ఇడిసి ఎట్ల వస్తనంది. నేను వదిలి వచ్చాను. బొమ్మలు ఏడూ పెట్టె అడుగున ఉన్నాయి. రోజూ తీసి వరసగా పరుస్తాను, ఏడో దాని దగ్గర ఆగుతాను. ఎండలు ముదిరాయి. ఇక్కడ చెట్లన్నీ ఎండిపోతున్నాయి, అక్కడ ఎలా ఉందో తెలియదు.

మీలో ఎవరైనా ఆ దారిన వెళ్తే, రోడ్డు వంపు తిరిగే చోట బండి ఆపి, మొదలు దగ్గర మా బాబుని పూడ్చిన ఆ ఇప్పచెట్టు బెరడుని గోటితో కొంచెం గిల్లి, పాలు ఇంకా వస్తున్నాయో లేదో ఒక్కసారి చూడండి.