డ్రైవరు స్టూలు

గుండ్రటి చెక్క స్టూలు. మీద ఎర్ర దిండు, దాని చుట్టూ ఇత్తడి మేకులు.

ట్రాములో డ్రైవరు నిలబడే చోట పెట్టారు దాన్ని.

నాన్న మెట్టు మీదే ఆగిపోయాడు. ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి చేతికర్ర మీద.

"ఇదెక్కడిదే?" అన్నాడు.

మా పాత ఊళ్ళో ట్రాములన్నిటినీ ముక్కలు కోసి పాత ఇనుముకి అమ్మేశారు. ఇదొక్కటే మిగిలింది. ఈ కొత్త నగరం వాళ్ళు దీన్ని కొనుక్కొచ్చి, రంగులేసి, షాపింగ్ కాంప్లెక్సు ముందు కాస్త పట్టాలు పరిచి నిలబెట్టారు. దీన్ని నడిపినవాళ్ళలో బతికున్నది మా నాన్న ఒక్కడేనని తెలిసి ఫోటోకి పిలిచారు.

పిలుపు వచ్చిన దగ్గర్నుంచి నాన్న కాలు ఒకచోట నిలవలేదు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

లోపల గోడకి బోర్డు ఉంది. ఆయనకి చూపు ఆనదు కాబట్టి నేనే పైకి చదివాను.

"ఆ రోజుల్లో డ్రైవరు ఈ స్టూలు మీద హాయిగా కూర్చుని, కబుర్లు చెబుతూ ట్రాము నడిపేవాడు."

హాయిగానట!

నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏ ట్రాములోనూ డ్రైవరుకి స్టూలు లేదు. కూర్చుంటే కునుకు తీస్తారని కంపెనీ రూలు. గంటేమో ఎడమకాలి కింద. పట్టాల మీద జనం తప్పుకోవాలని దాన్ని తొక్కుతూనే ఉండాలి కాబట్టి ఒంటి బరువంతా కుడికాలి మీదే. ఆ కాలి నరాలు వానపాముల్లా ఉబ్బిపోయాయి. అమ్మ రోజూ నూనె రాసి పట్టేది. పట్టినంతసేపూ కంపెనీని దుమ్మెత్తిపోసేది.

ఒకసారి ఆ కాలికి పుండు పడింది. అమ్మ వంటింట్లో తను కూర్చునే స్టూలు తెచ్చి నాన్న చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళు. ఎవడేమంటాడో చూద్దాం."

ఇన్‌స్పెక్టరు నడిరోడ్డు మీద ట్రాము ఆపించి, స్టూలుని తన్ని కిందికి తోశాడు. దాని వెనకాలే నాన్ననీ దింపేశాడు. ఉద్యోగం పోయింది. అమ్మ వెళ్ళి, కాలు విరిగిన స్టూలు ఏరుకొచ్చింది.

"కూర్చోండి పెద్దాయనా, ఫోటో తీద్దాం!"

కాంప్లెక్సు మేనేజరు. ట్రాముకి ఎదురుగా, పట్టాల మధ్యలో నిలబడి ఫోటోగ్రాఫరుకి చోటు చూపిస్తున్నాడు.

"కూర్చోవచ్చా?" అన్నాడు నాన్న.

"భలేవారే! ఎవరొద్దన్నారు?"

ఇక నావల్ల కాలేదు.

"ఎవరొద్దన్నారా? స్టూలు తెచ్చుకున్నాడనే కదయ్యా ఆయన ఉద్యోగం పీకేశారు! ఆ బోర్డు రాసిందెవడు? పిలవండి వాణ్ణి! ఒక్క పూట ఒంటికాలి మీద నిలబెడతాను, హాయి అంటే ఏంటో తెలుస్తుంది!"

"మేడం, మేడం... అక్కడ బోసిగా ఉంటే చూడ్డానికి బాగోదని డిజైనరు పెట్టించాడు. ముందు ఫోటో కానివ్వండి."

స్టూలుని రెండు చేతులా పట్టి లాగాను, బయటికి విసిరేద్దామని. కదల్లేదు. బోల్టులు వేసి నేలకి బిగించేశారు.

"వదిలెయ్యవే," అన్నాడు నాన్న.

ఆ మాటకి ఆయన మీద కూడా కోపం వచ్చింది. జన్మంతా వదిలెయ్యడమేనా!

నాన్న నా భుజం మీంచి చెయ్యి తీశాడు. కర్రని ఆ ఎర్ర దిండు మీద పడేశాడు. స్టూలు దాటి ముందుకెళ్ళి, హ్యాండిల్ పట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు.

"కూర్చోండి సార్! కాస్త నవ్వండి!" అన్నాడు ఫోటోగ్రాఫరు.

నాన్న ఎడమకాలు ఎత్తి గంట తొక్కాడు.

మేనేజరు ఉలిక్కిపడి పట్టాల మీంచి పక్కకి దూకాడు. మోటారు కూడా లేని ట్రాము అది. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. తేరుకుని మేనేజరూ నవ్వాడు.

నాన్న నవ్వలేదు. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ తొక్కాడు.

నవ్వులు ఆగిపోయాయి.

"చాలు సార్," అన్నాడు మేనేజరు.

నాన్న తొక్కుతూనే ఉన్నాడు, బరువంతా కుడికాలి మీద వేసి.