రోడ్డు నంబరు

"రేడియోలో నేను నీ పెళ్ళాన్ని కాదు, డెల్మర్. రోడ్డు నంబరు చెప్పు" అని వెర్నా మైకులోనే కసిరింది.

కాన్సాస్‌లోని ఆ వాతావరణ కేంద్రంలో రేడియో బల్ల దగ్గర కూర్చునే వాలంటీరు ఆమె. పొలాల మధ్య కారు ఆపుకుని, సుడిగాలిని కళ్ళారా చూసి చెప్పే వాలంటీరు ఆమె మొగుడు.

"ఊరికి నైరుతిగా మూడు మైళ్ళు. నేలను తాకింది. ఊరి మీదికే వస్తోంది" అన్నాడు డెల్మర్.

హెచ్చరిక పంపడానికి వెనకున్న అధికారికి ఆ ముక్క చాలింది. వెర్నాకు చాలలేదు.

"ఒక ఇంటి కప్పు లేచిపోయింది" అన్నాడతను.

"ఏ రోడ్డులో? అంబులెన్సు ఎక్కడికి పంపాలి, నీ నెత్తి మీదికా?"

"ఎవర్నీ పంపొద్దు. లోపల ఎవరూ లేరు."

"నీకెలా తెలుసు? చూసింది చెప్పాలి, ఊహించింది కాదు. ఇరవై ఏళ్ళుగా నీకిదే చెప్పి చస్తున్నాను. నిన్నగాక మొన్న చేరినవాళ్ళు నీకన్నా నయం."

అవతల గాలి హోరులోంచి డెల్మర్ గొంతు వినిపించింది.

"సైరన్ మోగిందా?"

"మోగింది. ఊరంతా నేలమాళిగల్లోకి దిగిందట. మాట మార్చకు."

"మన రోడ్డే, వెర్నా. మన కప్పే. ముందే చెబితే మైకు వదిలేసి పరిగెత్తుకొస్తావని ఆగాను."

వెర్నా కలం అందుకుంది.

"మన రోడ్డుకు మాత్రం నంబరు లేదా?" అంది. గొంతులో కోపం ఏమాత్రం తగ్గలేదు. "చెప్పు. రాసుకోవాలి."