మునగనన్న రోబో

“మళ్లీ తేలింది మేడమ్!” అంది పరిశోధక విద్యార్థిని, రెండు చేతులా పడవ కమ్మీని కరుచుకుని. “రోబో తేలింది, పొద్దున తిన్నదీ తేలింది. ఇక మునిగేది నా చదువొక్కటే!”

సముద్రం అడుగు చూసి రావాల్సిన రోబో పడవ పక్కనే బాతులా ఊగుతోంది. ఈ పూట మునగకపోతే మళ్లీ పడవ దొరికేది వచ్చే ఏడాదే.

“దానికేం నేర్పావు తల్లీ?” అడిగారు పక్కనే ఉన్న గైడ్ మేడమ్.

“కాస్త ఒరిగినా ప్రమాదమే, పైకొచ్చేయమన్నాను. ల్యాబ్ తొట్టిలో బుద్ధిగానే మునిగింది మేడమ్.”

“తొట్టిలో అలలుంటాయా? అచ్చం నీ పోలికే. నువ్వు కమ్మీ వదలవు, అది నీళ్లకు జడిసిన పిల్లలా నిన్ను వదలదు.”

“ఆ మాట తీసేస్తే అసలు తిరిగి రాకపోవచ్చు.”

“రాకపోవచ్చు. నీ రోబో, నీ ఇష్టం.”

విద్యార్థిని చతికిలబడి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ మాట చెరిపేసింది. రోబో తోక ఎత్తి, బుడుంగున మునిగింది. ఆమె లేచి నీళ్లలోకి వంగింది. ఇంతలో ఇంటెత్తు అల పడవను లేపి కుదేసింది.

“కమ్మీ పట్టుకో, పడతావ్!” అరిచారు మేడమ్.

ఆమె తన ఖాళీ చేతుల్ని వింతగా చూసుకుంది.

“రోబో కనబడట్లేదు మేడమ్!” అంది, మొహం చాటంత చేసుకుని.