ఉప్పుచేప ఎర

బోను తలుపు పడి ఉంది. లోపల నక్క లేదు, ఉప్పుచేపా లేదు. ఎర కట్టడానికి వెనకవైపు పెట్టిన చిన్న తలుపుకి మాత్రం గడియ బుద్ధిగా వేసి ఉంది.

"గడియ తీసి, సేప తిని, మళ్ళీ గడియేసీ నక్కని నాను పుట్టి బుద్దెరిగి సూళ్ళేదు," అన్నాడు ఎల్లారావు.

అందరూ శ్రీరామ్మూర్తి మూతి వంక చూశారు.

ఆ యేడు తాబేళ్ళు ఒడ్డుకొచ్చి ఇసకలో పెట్టిన గుడ్లని నక్కలు తవ్వుకు తింటున్నాయి. తాబేలంటే శ్రీకూర్మంలో ఉన్న సామే, సామి పిల్లల్ని కాపాడని పేటకి వలలో చేప పడదని ఎల్లారావు పట్టుబట్టి కమిటీ వేశాడు. నక్కని బోనులో పట్టి కొండ అవతల వదలాలి. మనిషి వాసన తగిలితే నక్క రాదు కాబట్టి కాపలా ఉండకూడదు. పేట చివర అద్దెకుండే పోర్టు గుమాస్తా శ్రీరామ్మూర్తి ఎవరూ పిలవకుండానే వచ్చి చేరాడు. సాయంత్రాలు ఉప్పుచేప కాల్చి బోనులో కట్టే పని కోరి పుచ్చుకున్నాడు. తాబేళ్ళ మీద ప్రేమ లేకపోలేదు గాని, అసలు కారణం వాసన.

అతనికి హెడ్ గుమాస్తా పని వచ్చేదాకా ఇంట్లో చేప ముట్టనని, అతన్ని ముట్టనివ్వనని భార్య తాయారు శ్రీకూర్మంలో మొక్కుకుంది. ఫైలు పై ఆఫీసులో నిద్రపోతోంది. ఇంట్లో ఆనపకాయ రాజ్యం ఏలుతోంది.

"బావా, నిజం సెప్పు," అన్నాడు పక్కింటి అర్జునరావు. "మొక్కున్నోడికి ఎర అప్పసెప్పడం మాదే తప్పు. దొంగ సేతికి తాళాలిచ్చినట్టుంది."

"నాను తిన్లేదు."

"మరెవులు తిన్నారు?"

"నక్కే."

"గడియ కూడా అదే ఏసిందా?"

ఎల్లారావు చుట్ట తీసి ఇసకలోకి ఉమ్మాడు. "రాత్రి ఇంకో గూడు తవ్వీసినాయి. నక్కలికి గుడ్లు, నీకు సేప. సామి పిల్లలికేటి మిగిలింది? ఇంకోపాలి ఇలాగైతే నువ్వు కమిటీలో ఉండొద్దు."

ఇంటికి వెళ్ళేసరికి ఆ కబురు ముందే చేరింది. రోజూ తెల్లారకముందే ఒడ్డున గంగమ్మ గుడిలో దీపం పెట్టొచ్చే తాయారు, తులసాకు నములుతూ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నోరు కట్టుకోలేరేటండీ మీరు? నానొక్కర్తినీ కట్టుకుంటే సరిపోద్దా? ఫైలు కదల్లేదంటే ఎలా కదుల్తాది?"

"నీ మీదొట్టు తాయారూ, నాను తిన్లేదు."

"నా మీదెందుకండీ? మీ అమ్మ మీద ఎయ్యండి."

ఊరంతా అనుమానించినా ఓర్చుకునేవాడే. తాయారు అనుమానించడం మాత్రం ముల్లులా గొంతులో పడింది. ఆఫీసులో కూర్చుని ఆలోచించగా ఆలోచించగా చివరికి తన మీద తనకే అనుమానం వచ్చింది. మనసు కింద ఇంకో మనసు ఉంటుందని ఎక్కడో చదివాడు. ఆ కింది మనసుకి మొక్కు సంగతి ఎవరూ చెప్పి ఉండరు. అది నిద్రలో అతన్ని లేపి, ఒడ్డుకు నడిపించి, చేప తినిపించి, మళ్ళీ తెచ్చి పడుకోబెడుతోందేమో. గడియ వెయ్యడం మరిచిపోని జాగ్రత్త చూస్తే అది కచ్చితంగా గుమాస్తా మనసే.

తిన్నగా డిస్పెన్సరీకి వెళ్ళాడు. కాంపౌండరు అప్పలసూరి నోటిపూతకి ఇచ్చే ఊదారంగు మందు ఒక సీసా అడిగాడు. అది పూస్తే నోటికంటిన రంగు రెండు మూడు రోజులదాకా వదలదు.

"ఎవరికండి నోరు పొక్కింది?"

"ఇంకా తెలీదు," అన్నాడు శ్రీరామ్మూర్తి.

ఆ సాయంత్రం చేపని నల్లగా కాల్చి, పొట్ట చీల్చి లోపలంతా మందు పట్టించి, మూసి కట్టాడు.

మర్నాడు పొద్దున్న బోను తలుపు పడి ఉంది. చేప లేదు. గడియ వేసి ఉంది. శ్రీరామ్మూర్తి ఇంటికి పరిగెత్తి ముందు అద్దంలో చూసుకున్నాడు. పళ్ళు తెల్లగా ఉన్నాయి, నాలిక ఎర్రగా ఉంది. కింది మనసు నిర్దోషి.

గుడి నుంచి వచ్చి ఇంట్లో అడుగుపెడుతున్న తాయారుకి ఎదురెళ్ళి, "నాను తిన్లేదు, సూడు," అని నోరు బార్లా తెరిచాడు. తాయారు పైటకొంగు మూతికి అడ్డం పెట్టుకుని, పెదవుల మీద వేలుంచి, గోడ మీద కూర్మనాథుడి పటం చూపించింది.

"మౌనవ్రతమా?"

తాయారు తలూపింది. అతని కళ్ళు చెమర్చాయి. తను నోరు తెరిచి అమాయకత్వం చాటుకుంటుంటే, ఆవిడ తన కోసం మాట కూడా మానేసింది.

ఆఫీసుకి వెళ్ళే ముందు పేటంతా తిరిగాడు.

"పళ్ళు సూపించు," అన్నాడు అర్జునరావుతో.

"గుర్రాన్ని కొంటన్నావేటి బావా?"

అయినా చూపించాడు. తెల్లగానే ఉన్నాయి. ఎల్లారావు పళ్ళు చుట్ట పొగకి నల్లబడ్డాయి గాని ఊదా జాడ లేదు. కమిటీలో అందరూ వరసగా ఇకిలించి నిర్దోషులుగా బయటపడ్డారు.

మందు సంగతి విని ఎల్లారావు ఒప్పుకున్నాడు. "అయితే నక్కే. తెలివి మీరిన నక్క. ఊదా మూతితో ఎక్కడ కనిపించినా నాకు సెప్పండి."

శ్రీరామ్మూర్తి కమిటీలో నిలిచాడు. అదేం శకునమో గాని, ఆ మధ్యాహ్నమే ఫైలు కూడా నిద్రలేచింది. సాయంత్రం పూర్ణా మార్కెట్‌కి పోయి పెద్ద వంజరం చేప కొని, తోకపట్టుకు ఊపుకుంటూ ఇంట్లో అడుగుపెట్టాడు.

"తాయారూ, హెడ్ గుమాస్తానయ్యాను. నీ మొక్కు ఊరికే పోలేదు. ఇంక మనిద్దరం నోరు విప్పొచ్చు."

తాయారు చేప వంక చూసింది, అతని వంక చూసింది. వ్రతం సంగతి మరిచిపోయి, కొంగు వదిలేసి, నోరారా నవ్వింది.

పళ్ళన్నీ ఊదారంగు.