సగం ముఖం

"వద్దమ్మా. ముఖం మాత్రం ముట్టుకోకు," అందావిడ, రెండడుగులు వెనక్కి వేస్తూ.

ఇలాంటి వద్దులు డెమో పిల్ల పొద్దుట్నుంచి వింటూనే ఉంది. ఆ పెద్ద దుకాణంలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. సబ్బులూ షాంపూల వరస చివర ఒక స్టూలు, ఒక అద్దం, గోరువెచ్చని నీళ్ళ గిన్నె పెట్టుకుని, ముఖం రుద్దుకునే గ్లౌజులు అమ్మడం ఆమె పని. చేతికి తొడుక్కుని, తడిపి, బుగ్గల మీద గుండ్రంగా తిప్పితే పేరుకున్న మురికంతా వచ్చేస్తుంది. ఉతికి ఆరేసుకుంటే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. నోటితో చెప్తే ఎవరు నమ్ముతారు? అందుకే మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. కూర్చున్నవాళ్ళకి సగం ముఖమే రుద్దాలి. రెండో సగం అలాగే వదిలేసి అద్దం చేతికివ్వాలి. ఆ తేడా చూసుకున్నాక గ్లౌజు కొనకుండా లేచి వెళ్ళే ఆడది ఉండదని ఆయన నమ్మకం.

నమ్మకం మంచిదే గానీ, ఇవాళ ఒక్కటంటే ఒక్కటి అమ్ముడుపోలేదు. ఈ రోజు కూడా ఇలాగే గడిస్తే రేపట్నుంచి రానక్కర్లేదని ఆయన పొద్దున్నే చెప్పేశాడు.

డెమో పిల్ల ఆవిడ ముఖం వంక ఆశగా చూసింది. మేకప్ దట్టంగా ఉంది. అది ఎంత దట్టంగా ఉంటే గ్లౌజుకి అంత అంటుకుంటుంది, చూసేవాళ్ళకి అచ్చం మురికిలాగే కనబడుతుంది. ఇలాంటి ముఖాన్ని వదులుకోవడమా?

"రెండు నిమిషాలు మేడమ్. కొనకపోయినా ఫర్వాలేదు."

"నేను కొనడానికి రాలేదమ్మా. వేరే పని మీద వచ్చాను."

"మీకు దండం పెడతాను మేడమ్. ఎవర్నీ వదలొద్దని మా మేనేజరుగారు మరీ మరీ చెప్పారు. ఇవాళ కూడా అమ్మకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

ఆవిడ ఆగింది. "ఎవర్నీ వదలొద్దన్నారా?"

"ఎవర్నీ మేడమ్."

"బాగా తిడతారా మీ మేనేజరు?"

"అబ్బే, ఒక్క మాట గట్టిగా అనరు. పొమ్మనడం కూడా తేనె పూసి చెప్తారు."

ఆవిడ నవ్విందో లేదో తెలియలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. "సరే. నీ ఉద్యోగం నా వల్ల పోవడం దేనికి. రుద్దు."

డెమో పిల్లకి ప్రాణం లేచొచ్చింది. రండమ్మా రండి అని గొంతెత్తి పిలిచింది. బండ్లు తోసుకుంటూ వెళ్తున్న నలుగురైదుగురు ఆగారు, వాళ్ళని చూసి ఇంకొందరు ఆగారు. కొత్త గ్లౌజు తడిపి ఆవిడ ఎడమ బుగ్గ మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. చెయ్యి బుగ్గ మీదే ఉంది గానీ చూపంతా జనం మీదే ఉంది. అమ్మకం తలకెక్కినవాళ్ళకి ఎదుటి ముఖం ఎక్కడ కనిపిస్తుంది? ఆవిడ ఒకసారి పళ్ళ బిగువున ఊపిరి పీల్చింది. సున్నితమైన చర్మం కాబోలనుకుని ఇంకాస్త నీళ్ళు అద్దుకుంది.

"చూడండి," అని గ్లౌజు పైకెత్తి అందరికీ చూపించింది. "ఎంత మురికో చూడండి. పొద్దుట్నుంచి ఇదంతా ముఖాన మోస్తున్నానని ఈవిడకి తెలుసా పాపం?"

ఎవరూ గ్లౌజు వంక చూడలేదు. అందరూ ఆవిడ ముఖాన్నే చూస్తున్నారు. డెమో పిల్ల కూడా అప్పుడు చూసింది.

ఎడమ బుగ్గంతా కమిలిపోయి ఉంది. కంటి కింద నుంచి దవడ దాకా నాలుగు వేళ్ళూ విడివిడిగా తేలి ఉన్నాయి.

డెమో పిల్లకి తల కొట్టేసినట్టయింది. గ్లౌజు కిందికి దించింది, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వెనక్కి పెట్టుకుంది. తను అన్న మాటలే చెవుల్లో గింగురుమంటున్నాయి. వద్దని చెప్పిన మనిషిని బతిమాలి కూర్చోబెట్టి, జనాన్ని పోగుచేసి, ఆవిడ దాచుకున్నదాన్ని నలుగురిలో పెట్టింది. ఒక్క గ్లౌజు కోసం.

"మెట్ల మీంచి పడ్డారేమోలే," అంది గుంపులో ఒకావిడ.

"మెట్లకి వేళ్ళుంటాయా వదినా?" అంది పక్కనున్నావిడ.

డెమో పిల్ల గబగబా తన చున్నీ తీసి ఆవిడ బుగ్గకి అడ్డం పెట్టింది. "తప్పైపోయింది మేడమ్. నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు," అంటూ ఏడ్చేసింది. ఉద్యోగం పోతే పోనీ, ఈ ముఖాన్ని మళ్ళీ ఎలా చూడాలి అనుకుంది.

"నువ్వెందుకమ్మా ఏడుస్తావు," అందావిడ. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే కాస్త నయంగా ఉండేదనిపించింది డెమో పిల్లకి.

గుంపుని తప్పించుకుంటూ మేనేజరు పరుగున వచ్చాడు. అతనికి కనిపించింది ఏడుస్తున్న డెమో పిల్ల, అటు తిరిగి కూర్చున్న కస్టమరు వీపు, నోళ్ళు నొక్కుకుంటున్న జనం. ఏదో గొడవ జరిగిందని అర్థమైంది. చేతులు జోడించి, గొంతులో ఎప్పటిలాగే తేనె పోసుకున్నాడు.

"సారీ మేడమ్. మా పిల్ల ఏం తప్పు చేసినా నేను సారీ చెప్తున్నాను. మా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళకి ఇసుమంత బాధ కలిగినా నేను ఊరుకోను."

ఆవిడ చున్నీ పక్కకి తీసేసి, స్టూలు మీదే మెల్లిగా అతనివైపు తిరిగింది.

"ఆ సారీ ఏదో రాత్రి మనింట్లో చెప్పి ఉంటే, ఇంత మేకప్ నాకెందుకండీ?"