అరచేతి కింద గుర్రం

“గుర్రం గడ్డి మేస్తోంది,” అని పదేళ్ళ సెలా గడగడా చదివింది.

“క్లాసులో మీ మనవరాలే ముందుంటుంది,” అంది ఇంటికొచ్చిన టీచరు హెదర్.

నాయనమ్మ లెసియెలి పుస్తకంలోని గుర్రం బొమ్మను అరచేత్తో మూసింది. “ఏదీ, ఇందులో ‘గుర్రం’ అన్న మాట ఎక్కడుందో చూపించు.”

సెలా వేలు వాక్యమంతా తిరిగి ‘గడ్డి’ మీద ఆగింది.

“బొమ్మ చూసి మాట ఊహించడమే మా పద్ధతండీ,” అంది టీచరు.

లెసియెలి బైబిల్లో గుర్తు పెట్టిన పేజీ తెరిచి మనవరాలి ఒళ్ళో పెట్టింది. “రేపు పిల్లల ఆదివారం. ఆక్లండ్‌లో ఉన్న మన టోంగా దీవులవాళ్ళంతా చర్చిలో నీ నోటివైపే చూస్తుంటారు. నీకిచ్చిన వాక్యం చదువు తల్లీ.”

సెలా పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పసాగింది.

“ఏం వెతుకుతున్నావే?”

“బొమ్మ, నాయనమ్మా.”

లెసియెలి టీచరు వైపు తిరిగింది.

“దేవుడి మాట కూడా ఊహించుకోమంటారా, టీచరమ్మా?”