చెయ్యెత్తాల్సిన చోటు

“మాట ఆగిపోతే చెయ్యెత్తాలి. తప్పు పలికినా ఎత్తాలి. నువ్వు ఎత్తలేదంటే అక్కడ నేను కోసేస్తాను. అర్థమైందా అమ్మా?” అన్నాడు సర్జన్.

చెల్లెలు తలూపింది.

“అనుమానంగా ఉంటే?”

“ఎత్తు. కానీ ఊరికే ఎత్తావనుకో, మీ అక్క మెదడులో గడ్డ ముక్క అలాగే ఉండిపోతుంది. మళ్లీ పెరుగుతుంది.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెల్లెలు వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఆకుపచ్చ గుడ్డ కింద అక్క ముఖం ఒక్కటే కనిపిస్తోంది, ఒక పక్కకి తిరిగి, నిద్రలో. గుడ్డకి అటువైపు తెరిచిన తల ఉంది. అటు చూడకూడదని చెల్లెలు ముందే ఒట్టు పెట్టుకుంది. ఒళ్లో ఒక కాగితం. స్పానిష్‌లో ‘చెప్పడం’ అనే ఒక్క క్రియకి అన్ని కాలాల్లో, అన్ని తీరుల్లో వచ్చే రూపాలన్నీ దాని మీద ఉన్నాయి. మొన్న మంచం మీద కూర్చుని అక్కే రాసిచ్చింది.

అక్క కోర్టులో స్పానిష్ దుబాసీ. చెల్లెలు అదే భాషని బడిలో పిల్లలకి చెబుతుంది. “మా ఇల్లు నడిపేది ఈ భాషే. దీన్ని కాపాడండి చాలు” అని అక్క సంతకం పెట్టి మరీ ఇచ్చింది.

“ఇంకో మాట,” అంది మత్తు డాక్టరు. “ఆవిడ లేచాక మీరిద్దరూ స్పానిష్ తప్ప ఒక్క తెలుగు ముక్క కూడా మాట్లాడొద్దు. మేమూ నోరు విప్పం. మెలకువలో ఉంచగలిగేది ముప్పావుగంటే. లేపుతున్నా.”

అక్క కళ్లు తెరిచింది. చెల్లెల్ని చూసి, “ఏంటే ఆ మొహం? ఆపరేషన్ నీకా, నాకా?” అంది స్పానిష్‌లో.

చెల్లెలికి నవ్వు రాలేదు. కాగితం మీద మొదటి వరసకి వేలు ఆనించింది. “వర్తమానం.”

“దిగో, దీసెస్, దీసె...”

సర్జన్ సన్నటి కరెంటు కడ్డీని ఒకచోట తాకించాడు. కడ్డీ తగిలినప్పుడు మాట తడబడితే ఆ చోటు మాటది. తడబడకపోతే కత్తిది. అక్క తడబడలేదు. కత్తి కదిలింది.

భూతకాలం గడిచింది. భవిష్యత్తు మొదలైంది.

“దిరె, దిరాస్, దిరా...”

అంతే. అక్క పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు. కళ్లు పెద్దవయ్యాయి. చెల్లెలు గభాల్న చెయ్యెత్తింది. సర్జన్ కడ్డీ తీసేశాడు.

“...దిరేమోస్!” అంది అక్క, నీళ్లలోంచి తల పైకెత్తినట్టు.

అంకె వేసిన చిన్న కాగితం ముక్కని ఆ చోట అంటించారు. ఆ చోటు బతికిపోయింది. చెల్లెలి వీపు మీద చెమట కారుతోంది. పరీక్ష ఒకరిది, చెమటలు ఇంకొకరివి.

తర్వాత వచ్చాయి, కోరికనీ భయాన్నీ అనుమానాన్నీ చెప్పే రూపాలు. పుస్తకం చూడకుండా ఈ పాఠం చెప్పిన పాపాన చెల్లెలు ఎన్నడూ పోలేదు. కాగితం మీద అక్షరాలు అలుక్కుపోతున్నట్టున్నాయి. అక్షరాలది కాదు, తన కళ్లది తప్పు.

“దిహేరా, దిహేరాస్...”

అక్క ఆగింది. ఒక క్షణం. రెండు.

కడ్డీ ఆపిందా? అక్కే గుర్తు చేసుకుంటోందా? చెల్లెలి చెయ్యి సగం లేచింది. గుడ్డకి అవతల సర్జన్ చెయ్యి కూడా ఆగిపోయింది. గది మొత్తం ఆమె చెయ్యి వంకే చూస్తోంది.

అక్క గుటక మింగింది. “దిహేరా, దిహేరామోస్...”

గొంతు ఎండిందంతే. చెల్లెలు చెయ్యి దించింది. కత్తి కదిలిన సన్నటి చప్పుడు వినిపించింది. దేవుడా, దించి తప్పు చెయ్యలేదు కదా అనుకుంది. ఆ తర్వాత ప్రతి మాటా ముళ్ల మీద కూర్చునే విన్నది. అక్క మాత్రం చివరికి ఆజ్ఞాపించే రూపాల దాకా వచ్చి, “దీ!” అని ముగించి, “పాసయ్యానా?” అని అడిగింది.

అక్కని మళ్లీ నిద్రపుచ్చారు.

“గడ్డ మొత్తం వచ్చేసింది,” అన్నాడు సర్జన్. “ఒక్క మాటా పోలేదు. సగం ఆపరేషన్ నువ్వే చేశావమ్మా.”

చెల్లెలు అక్కడే, స్టూలు మీదే, వెక్కి వెక్కి ఏడ్చింది.

సాయంత్రానికి అక్క తలకి కట్టుతో దిండుకి ఆనుకుని కూర్చుంది. చెల్లెలికి ఇంకా నమ్మకం కుదరలేదు. స్పానిష్‌లోనే మళ్లీ అదే క్రియ అడిగింది.

“ఇక చాలు ఆపవే తల్లీ! ఆ క్రియ వింటేనే తల తిరుగుతోంది. ముందు ఇన్ని నీళ్లు తాగించు,” అంది అక్క, గడగడా స్పానిష్‌లో.

నీళ్లు తాగిస్తుండగా బావ వచ్చాడు. పొద్దుటినుంచి వరండా బెంచీ మీద కూర్చుని కూర్చుని చొక్కా నలిగిపోయింది. ఆయన్ని చూడగానే అక్క ముఖం వెలిగిపోయింది, చెయ్యి చాచింది. బావ ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“ఎలా ఉన్నావు? నొప్పిగా ఉందా? పిల్లలు ఒకటే గొడవ, అమ్మ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావని. ఏమని చెప్పను? నువ్వే చెప్పు,” అన్నాడు.

అక్క నవ్వుతూ విన్నది. నవ్వు మెల్లగా తగ్గింది. ఆయన పెదాల వంక కాసేపు పరీక్షగా చూసి, చెల్లెలి వైపు తిరిగి, ఒక్క తప్పూ లేని స్పానిష్‌లో అడిగింది:

“మీ బావ ఏ భాషలో మాట్లాడుతున్నారే?”